ముప్పై పెట్టి చూడు

లెక్కల గైడు కొన్నవాళ్ళెవరూ దాన్ని ముందు నుంచి చదవరు. వెనక నుంచి చదువుతారు. వెనక పసుపు కాగితం మీద చీమల బారుల్లా జవాబులుంటాయి. ఆ జవాబులకూ చివర, బియ్యపుగింజంత అక్షరాల్లో ఒక వరుస ఉంటుంది. 'జవాబులు సరిచూసినవారు' అని రాసి, పక్కన ఒక పేరు. ఆ పేరు ఎవరూ చదవరు. చదివే మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది. కొత్త ముద్రణ వచ్చినప్పుడల్లా, అట్ట జిగురు ఆరకముందే పుస్తకం చేతిలోకి తీసుకుని, వేలితో ఆ వరుసను తడిమి చూసుకుని, అప్పుడు టీ తాగేది.

ప్రెస్సులో ఆమెను అందరూ జవాబులమ్మ అంటారు. పదిహేడు ముద్రణలుగా ఆ వరుసలో ఉన్నది ఆమె పేరొక్కటే.

జవాబులమ్మ తండ్రి ఇళ్ళకు చెక్కమెట్లు చేసే వడ్రంగి. మెట్లంటే ఎక్కేవాళ్ళకు అలవాటు, చేసేవాడికి శాస్త్రం. పాత కోటల్లో మెట్లు నిటారుగా ఉండేది శత్రువు ఆయాసపడాలని. ఓడల్లో నిటారుగా ఉండేది చోటు లేక. ఇంట్లో మాత్రం మెట్టు మనిషి మోకాలికి మర్యాద ఇవ్వాలి. ఆ మర్యాద ముప్పై డిగ్రీల దగ్గర ఉంటుందని ఆయన నమ్మకం. ఆయన దగ్గర నల్లచెక్కతో చేసిన త్రికోణపు మూలమట్టం ఒకటుండేది. దాని ముప్పై డిగ్రీల మొన గోడకు ఆనించి, ఒక కన్ను మూసి, "ముప్పై పెట్టి చూడు, పెట్టి చూస్తే గానీ ఏదీ నిజం కాదు" అనేవాడు. ఆయన పోయాక తమ్ముళ్ళు రంపాలూ బాడిసెలూ పంచుకున్నారు. ఈమె ఆ మూలమట్టం ఒక్కటీ అడిగి తెచ్చుకుంది. ప్రెస్సులో ఆమె బల్ల మీద ప్రూఫులు ఎగిరిపోకుండా ఉంచే బరువు అదే.

లెక్కల్లో డిగ్రీ చేసి, పెళ్ళయి, ఇద్దరు పిల్లల్ని బడికి పంపాక తోచక ఒకసారి ఈ గైడు తిరగేసింది. వెనక జవాబుల్లో ఏడు తప్పులు దొరికాయి. ఏడూ ఒక ఉత్తరంలో రాసి పంపింది. మర్నాడు కాక ఆ మర్నాడు ఎడిటరుగారే స్వయంగా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. "ఇంకెవరికీ చెప్పకండమ్మా, మా దగ్గరికే వచ్చెయ్యండి" అన్నాడు. అలా వచ్చింది ఉద్యోగం.

త్రికోణమితి అంటే చాలామందికి చెమటలు. ఆమెకు మాత్రం అది పాతబట్టల మూట విప్పినంత సులువు. సైన్లూ, కాస్‌లూ, టాన్లూ ఒకదాన్నొకటి పట్టుకుని మూడు వరుసలు పొడుగున వేలాడే సమాసం ఒకటి ఇచ్చి, కింద 'సూక్ష్మీకరించండి' అంటారు. ఇక్కడ ఒక చివర పట్టుకుని లాగాలి, అక్కడ ఒక ముడి విప్పాలి, సైన్ వర్గం కాస్ వర్గం ఎక్కడ కలిస్తే అక్కడ ఒకటి అని పెట్టుకుంటూ పోవాలి. చివరికి అంత మూటలోంచి ఒక్క అంకె బయటపడుతుంది. జవాబు ఎప్పుడూ ఒక్క వరుసలో పట్టాలన్నది ఆమె సొంత నియమం. రెండో వరుసలోకి దిగితే, "ఇంకా ఏదో మిగిలిపోయింది, ఇది జవాబు కాదు, జవాబుకు దారి" అనేది. జవాబు వచ్చాక మూలమట్టం వైపు ఒకసారి చూసి, ఎక్స్ ఉన్నచోట ముప్పై పెట్టి చూసేది. ప్రశ్నలో పెడితే ఎంత వస్తుందో, జవాబులో పెట్టినా అంతే వస్తే టిక్కు. నాలుగు వందల పన్నెండు లెక్కలకు నాలుగు వందల పన్నెండు టిక్కులు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆమె ప్రశాంతతను పాడుచేసింది తోడికోడలు.

ఆ ఇంట్లో కింద అత్తగారు, పెద్దకోడలైన జవాబులమ్మ సంసారం. పైన చిన్నకొడుకు, అతని భార్య. చిన్నకోడలు ఒక కంప్యూటర్ల సంస్థలో పాఠాలు చెప్పేది. ఆ సంస్థ మూతపడింది. పిల్ల నెల రోజులు ఇంట్లో కూర్చుంది. ముప్పై ఒకటో రోజున అత్తగారు పెద్దకోడలి దగ్గర చేరి, "మీ ప్రెస్సులో ఒక మాట చెప్పకూడదుటే? దానికి అంత చదువుంది, నీకంటే ఎక్కువే" అంది. ఆ చివరి మాట లేకపోయినా పనయ్యేదే. జవాబులమ్మ వెళ్ళి ఎడిటరుగారితో చెప్పింది. తన నోటితో తనే చెప్పింది. తరవాత రోజుల్లో ఆమెకు అన్నిటికంటే మంట పెట్టిన సంగతి అదే.

పద్దెనిమిదో ముద్రణకు రెండు వందల కొత్త లెక్కలు చేర్చాలనీ, పాతవన్నీ మళ్ళీ సరిచూడాలనీ ఎడిటరుగారి సంకల్పం. చిన్నకోడలు ప్రెస్సులో చేరిన నాలుగో రోజున కంప్యూటరులో ఒక ఆల్జీబ్రా సాఫ్ట్‌వేరు పెట్టించింది. దానికి సమాసం టైపు చేసి, 'సింప్లిఫై' అని ఆజ్ఞ ఇస్తే చాలు. అది కూడా ఒక చివర పట్టుకుని లాగుతుంది, కానీ లాగడం కనిపించదు.

దాంట్లో మొదటి లెక్కగా ఆ పిల్ల ఎంచుకున్నది ముప్పై ఏడోది. సైన్, కాస్‌ల ఆరో ఘాతాలు, దాని వెనక ఇంకో తోక. జవాబు 'ఒకటి'. ఆ ఒకటిని బయటికి తియ్యడానికి జవాబులమ్మకు ఒకప్పుడు ఒక ఆదివారం పూర్తిగా పట్టింది; పొయ్యి మీద పాలు పొంగి, పొయ్యి ఆరిపోయి, గ్యాసు వాసనకు భర్త కేకలేసే దాకా తెలియలేదు. సాఫ్ట్‌వేరు రెప్పపాటులో 'ఒకటి' అని వేసింది.

"అబ్బో!" అన్నాడు టైప్‌సెట్టరు, తన కుర్చీ లోంచి లేచొచ్చి. "అమ్మా, చూశారా? మీరు చెయ్యి కడుక్కునే లోపల చేసేసింది!"

"చూశాను" అంది జవాబులమ్మ. "కాలిక్యులేటరు వచ్చినప్పుడూ నువ్వు ఇలాగే లేచి నిలబడ్డావు. కూర్చో."

అందరూ నవ్వారు. తోడికోడలు కూడా నవ్వింది. ఆ నవ్వులో ఏమీ లేదు, పాపం, ఉత్త నవ్వు. కానీ ఈర్ష్య ఉన్న మనిషికి ఉత్త నవ్వనేది ఉండదు.

అప్పటినుంచి జవాబులమ్మకు ప్రతిదీ కొలతకు వచ్చింది. కిటికీ పక్క వెలుతురు బల్ల కంప్యూటరుకిచ్చారు. పద్దెనిమిదేళ్ళు తను అడిగినా ఇవ్వని బల్ల. టీ తెచ్చే మనిషి మొదటి గ్లాసు అటు పెడుతున్నాడు. ఎడిటరుగారు తనను 'అమ్మా' అని పిలిచి, ఆ పిల్లను 'మేడం' అంటున్నాడు. ఇంటికొస్తే అత్తగారు, "చిన్నది ఇవాళ యాభై లెక్కలు చేసిందిట, నువ్వెన్ని చేశావే?" అని అడుగుతోంది. కూరలో ఉప్పు ఎంత పడిందో అడిగినట్టు అడుగుతోంది. భర్త నీటి పంపుల మెకానిక్కు, గొడవల్లో వేలు పెట్టే రకం కాదు. "పోనీ కాస్త విశ్రాంతి అనుకోరాదూ? మోటారు వచ్చాక చేద గురించి ఎవరైనా ఏడుస్తారా?" అన్నాడు. ఆ రాత్రి అతనికి అన్నం విసిరినట్టు వడ్డించింది.

చిన్న చిన్న పాపాలు కూడా చేసింది. సిరా చెదిరిన ప్రూఫులన్నీ ఏరి ఆ పిల్లకే ఇచ్చేది. 'మూడా ఎనిమిదా' అని అడిగితే, "నీ మిషన్ను అడుగు" అనేది. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు తలుపు ఓరగా వేసి, కంప్యూటరు ముందు కూర్చుని, ఒక్క వేలితో లెక్క టైపు చేసేది. ఓసారి బ్రాకెట్టు మూయడం మరిచిపోతే అది ఎర్రగా ఏదో కసిరింది. "ఆఁ, అదీ సంగతి, నీకూ రావు కొన్ని" అని ఆమె ఒంటరిగా, ఎంతో తృప్తిగా నవ్వుకుంది. బ్రాకెట్టు సంగతి తరవాత తట్టింది. అయినా నవ్వు వెనక్కి తీసుకోలేదు.

పైపెచ్చు ఆ పిల్ల మంచిది కావడం పెద్ద ఇబ్బంది. మాటకు ముందు అక్కా, మాట తరవాత అక్కా. ఏ కాస్త గయ్యాళితనం ఉన్నా జవాబులమ్మకు ఊపిరాడేది.

నెల తిరిగేసరికి పాత నాలుగు వందల పన్నెండు లెక్కలూ మిషన్లో పడ్డాయి. పదకొండు లెక్కలకు మిషను జవాబు, అచ్చులో జవాబు ఒకటి కాలేదు. ఆ మాట వినగానే జవాబులమ్మకు నెల రోజుల్లో మొదటిసారి ఆకలి వేసింది.

"పదకొండు తప్పులా దాంట్లో?" అంది, టైప్‌సెట్టరుకు వినపడేలా.

"తప్పులు కావక్కా. రూపం వేరు. ఇదిగో, మీరు టాన్ ఎక్స్ బై టూ అన్నారు. ఇది కొసెక్ ఎక్స్ మైనస్ కాట్ ఎక్స్ అంటోంది. రెండూ ఒకటే."

"ఒకటే అయితే నాదే పొట్టి."

"మీదే పొట్టి" అని ఆ పిల్ల వెంటనే ఒప్పుకుంది. "కానీ ఒకటేనని రుజువు కావాలి కదా. అందుకని మీ జవాబులోంచి దాని జవాబు తీసేసి, మిగిలింది సింప్లిఫై చెయ్యమంటాను. సున్నా వస్తే రెండూ ఒకటే. చూడండి."

సున్నా వచ్చింది. తరవాతదీ సున్నా. ఒక సున్నా, ఇంకో సున్నా, అలా పది సున్నాలు. ప్రతి సున్నాకూ జవాబులమ్మ గెలిచినట్టే లెక్క, అయినా ఆమె ముఖం మాడిపోతూ వచ్చింది. తన జవాబు సరైనదని ఆ మిషను చేత చెప్పించుకోవలసి రావడం ఆమెకు మింగుడుపడలేదు.

పదకొండోది రెండు వందల పద్నాలుగో లెక్క. ఒకటి మైనస్ సైన్ టూ ఎక్స్, మొత్తం మీద వర్గమూలం. పుస్తకంలో జవాబు: కాస్ ఎక్స్ మైనస్ సైన్ ఎక్స్. మిషన్ను అడిగితే ప్రశ్ననే ప్రశ్నగా తిప్పి ఇచ్చింది. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసివేయమంటే సున్నా రాలేదు.

"ఆగిపోయిందే!" అంది జవాబులమ్మ, కళ్ళు మెరుస్తుండగా. "ప్రశ్న అడిగితే ప్రశ్నే అప్పగించే పిల్లకు ఎన్ని మార్కులు వేస్తావు నువ్వు? ఒకటి అంటే సైన్ వర్గం ప్లస్ కాస్ వర్గం. సైన్ టూ ఎక్స్ అంటే రెండు సైన్ కాస్. లోపల నిండు వర్గం కూర్చుని ఉంది. మూలం తీస్తే అయిపోయింది. మా అమ్మాయి ఇంటరు మొదటి ఏడాదిలోనే చేసింది ఇది."

తోడికోడలు తెర వైపు కాసేపు చూసింది. ఏదో అనబోయింది. "దీన్ని ఇలా ఉంచుదాం అక్కా. మళ్ళీ చూద్దాం" అని జాబితా మడిచేసింది.

ఉంచుదామట! తన మిషను బోర్లా పడితే దుప్పటి కప్పుతోంది. జవాబులమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూడు వారాల్లో ఎడిటరుగారి గదిలో కూర్చుని పద్దెనిమిదో ముద్రణ చివరి పేజీ ఖాయం చేస్తారు. 'జవాబులు సరిచూసినవారు' పక్కన ఎవరి పేరన్నది ఆ రోజే తేలుతుంది. ఆయన అప్పుడే ఒకసారి నీళ్ళు నములుతూ, "మేడం కూడా ఇంత చేశారు కదమ్మా..." అని వదిలేశాడు. ఆ వదిలేసిన వాక్యం జవాబులమ్మ చెవిలో ముల్లులా ఉంది. రెండు వందల పద్నాలుగును అందరి ముందూ పెట్టాలి, మిషనుకు చేతకానిది మనిషి చేసిందని చూపించాలి, ఆ వరుస మళ్ళీ తనకే మిగలాలి. అంతే, ఇంకేమీ వద్దు.

సమావేశానికి ముందురోజు మధ్యాహ్నం, గది ఖాళీగా ఉన్నప్పుడు, ఒక తెల్లకాగితం మీద ఆ లెక్కను ముత్యాల్లా రాసుకుంది. కింద ఎప్పటిలాగే ముప్పై పెట్టింది. ప్రశ్నలో సున్నా పాయింట్ మూడు ఆరు ఆరు. జవాబులో సున్నా పాయింట్ మూడు ఆరు ఆరు. టిక్కు. ఎడిటరుగారికి ఒక సాక్ష్యం ఆనదు, రెండు కావాలంటాడు. ఇంకో కోణం పెడదామని చెయ్యి చాచి, అలవాటుగా ప్రూఫుల మీది మూలమట్టం ఎత్తింది. ముప్పై మొన ఇటుంది. అటు తిప్పితే రెండో మొన. అదే చెక్క, అదే నాన్న చెయ్యి. అది అరవై. ఇన్నేళ్ళలో అటు తిప్పి ఎన్నడూ చూడలేదు.

అరవై పెట్టింది. ప్రశ్నలో సున్నా పాయింట్ మూడు ఆరు ఆరు. జవాబులో, సున్నా పాయింట్ అయిదు లోంచి సున్నా పాయింట్ ఎనిమిది ఆరు ఆరు పోగా... మైనస్. మైనస్ సున్నా పాయింట్ మూడు ఆరు ఆరు.

వర్గమూలం గుర్తు కింద నుంచి మైనస్ రాదు. ఇది తొమ్మిదో తరగతి పిల్లకు కూడా తెలుసు. మళ్ళీ చేసింది. డెబ్భై పెట్టింది. మళ్ళీ మైనస్. నలభై అయిదు దాటగానే కాస్ చిన్నదవుతుంది, సైన్ పెద్దదవుతుంది, ఆమె జవాబు తలకిందులవుతుంది. మిషను ఆగిపోలేదు. ఎక్స్ ఎంతో చెప్పకుండా ఆ అడుగు వేయకూడదని తెలిసి నిలబడింది. అంతే. తనే తొందరపడి, పదిహేడు ముద్రణలుగా, కళ్ళు మూసుకుని దిగేసింది.

దాని వెనకే ఇంకొకటి గుర్తొచ్చింది. పాత ఉత్తరాల డబ్బా. చాలా ఏళ్ళ కిందట ఎవరో విద్యార్థిని కార్డు రాసింది: 'రెండు వందల పద్నాలుగులో నాకు అరవైకి మైనస్ వస్తోందండీ, నేనెక్కడ తప్పు చేస్తున్నాను?' జవాబులమ్మ ఆ రోజు ఏం రాసిందో ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. 'ముప్పై పెట్టి చూసుకోండి.' ఏడు తప్పులు పట్టి ఉద్యోగం తెచ్చుకున్న మనిషి, ఎనిమిదో తప్పు పట్టిన పిల్లకు ఇచ్చిన సమాధానం అది.

తరవాత పెన్సిలు తీసుకుంది. ప్రశ్న ప్రూఫు ముందుకు లాక్కుని, రెండు వందల పద్నాలుగు చివర చిన్నగా చేర్చింది: 'ఎక్స్ విలువ సున్నాకు, నలభై అయిదు డిగ్రీలకు మధ్య.' అంతే. ప్రశ్నకు ఈ తోక తగిలిస్తే పాత జవాబు సరైనదే. తప్పు దిద్దినట్టు ఎవరికీ తెలియదు. ప్రూఫును కట్టలో దూర్చి, పైన మూలమట్టం పెట్టేసింది.

మర్నాడు ఎడిటరుగారి గదిలో ముగ్గురూ, తలుపు దగ్గర టైప్‌సెట్టరూ. ఎడిటరుగారు చేతిలోని రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. తోడికోడలి జాబితా ఇటు తిరిగి ఉంది. జవాబులమ్మ కళ్ళు వద్దన్నా అటే పోయాయి. పది వరుసల్లో సున్నా, సున్నా. పదకొండో వరుసలో అంకె లేదు. మూడు వారాల కిందటి తేదీ, పక్కన పెన్సిలుతో లేతగా మూడు ముక్కలు: 'అరవై. అక్క చూస్తారు.'

ఈ పిల్లకు ఆ రోజే తెలుసు. తెర వైపు చూసిన ఆ కాస్త సేపట్లోనే తెలిసింది. మూడు వారాలు ఒక్క మాట అనలేదు. పైన మేడ మీద కూర్చుని, కింద ఉన్నదాని పరువు కాపాడింది.

మిషను తనకంటే వేగంగా లెక్క చేసినప్పుడు ఇంత మండలేదు. ఈ పిల్ల తనకంటే పెద్దమనసుతో ఉండటం చూస్తే భరించలేకపోయింది. ఇక జీవితాంతం మెట్ల మీద ఎదురుపడినప్పుడల్లా ఈ దయ కింద తల వంచుకుని పోవాలా? అంతకంటే తప్పు ఒప్పుకోవడం నయం.

"ఎడిటరుగారూ" అంది, కాస్త గట్టిగానే. "రెండు వందల పద్నాలుగు తప్పు. పదిహేడు ముద్రణల నుంచీ తప్పే. నిన్న ప్రశ్నకు తోక తగిలించి కప్పెట్టాను. ఆ తోక తీసేయండి. జవాబుకు అటొక నిలువు గీత, ఇటొక నిలువు గీత పెట్టాలి. మాడ్యులస్, మైనస్ వస్తే రాలగొట్టేది."

ఎడిటరుగారు జాబితాలు రెండూ బోర్లా పెట్టాడు.

"పోనీలెండమ్మా" అన్నాడు ఎడిటరుగారు మెల్లగా. "ముందు పేజీలో సవరణ వేద్దాం. 'అచ్చు పొరపాటు' అంటే సరిపోతుంది."

"నన్నెందుకు ఇరికిస్తారండీ మధ్యలో?" అన్నాడు టైప్‌సెట్టరు తలుపు దగ్గర్నుంచి.

"అచ్చుది కాదు. నాది" అంది జవాబులమ్మ.

"అయితే ఇద్దరం సరిచూశాం కదక్కా" అంది తోడికోడలు. "సవరణ కింద ఇద్దరి పేర్లూ వేయిద్దాం. పంచుకున్నట్టుంటుంది."

జవాబులమ్మ ఆ పిల్ల వైపు తిరిగింది. రెండు నెలలుగా దాచుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది.

"పదిహేడు ముద్రణలు నువ్వెక్కడున్నావే? అప్పుడు నీకు జడలు వేసుకోవడం కూడా రాదు. ఆ తప్పు నేను చేశాను, నేను కాపాడాను, నేను పెంచాను. దాంట్లో నీకు వాటా ఏమిటి? వెనక పేజీలో కావాలంటే నీ పేరు వేయించుకో, నా పేరు పక్కన వేయించుకో. ముందు పేజీ మాత్రం నాకొక్కదానికే."

టైప్‌సెట్టరు పెదవి కొరుక్కున్నాడు. తోడికోడలు మొదట బిత్తరపోయి, తరవాత నవ్వు ఆపుకోలేక పమిట అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు కూడా జవాబులమ్మకు నచ్చలేదు.

పద్దెనిమిదో ముద్రణ వచ్చింది. వెనక చివరి వరుసలో రెండు పేర్లున్నాయి. అక్షరక్రమం ప్రకారం తోడికోడలి పేరే ముందొచ్చింది. జవాబులమ్మ భూతద్దం తెప్పించుకుని రెండిటి అక్షరాల పరిమాణం ఒకటేనా కాదా అని చూసింది. ఒకటే. అప్పుడు ముందు పేజీ తిప్పింది. 'సవరణ. 214: ఇంతవరకూ వచ్చిన ముద్రణల్లో ఈ జవాబు తప్పు. ఆ తప్పు నాది. ఎక్స్‌కు అరవై పెట్టి చూసి ఏళ్ళ కిందటే కార్డు రాసిన పాఠకురాలికి క్షమాపణలు.' కింద ఒక్కటే పేరు. వేలితో దాన్ని తడిమింది. టీ చల్లారిపోయింది.

ఆ మర్నాడు తోడికోడలు కొత్త లెక్కల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది.

"అక్కా, ఇకనుంచి అరవై కూడా పెట్టి చూస్తారా?"

"చూస్తాను."

"అక్కర్లేదక్కా, ఒక్కసారి చెబితే మిషను సున్నా నుంచి మూడు వందల అరవై దాకా డిగ్రీ డిగ్రీకీ పెట్టేసి..."

"చెప్పకు" అంది జవాబులమ్మ. "అదేం చేస్తుందో నాకు చెప్పకు." మూలమట్టం అందుకుని అరవై మొన తన వైపుకు తిప్పుకుంది. "నువ్వు నీ మిషన్లో చూసుకో. నా దాంట్లో నేను చూసుకుంటాను. చివర్న ఎవరికి ఎన్ని తప్పులు దొరికాయో లెక్కపెడదాం."

"పందెమా?"

"పందెం లేదు, ఏమీ లేదు. నీకు ఒక్కటి ఎక్కువ దొరికినా నేను ఆ రోజు అన్నం తినను. అంతే."